"నల్లది బాబూ, పెద్దది": మన వెబ్ యాప్‌కి వచ్చిన ఫోనేదో కనుక్కోవడం ఎలా

జీడి పిక్కల సీజన్ మంచి ఊపులో ఉండగా కవిటి నుంచి ఒక రైతు ఫోన్ చేశారు. పలాసలో ఒక మిల్లుకి నేను చేసిచ్చిన వెబ్ యాప్‌లో ఆయన తన బస్తాల లెక్క ఎక్కించాలి. ఎక్కడం లేదు.

"ఏటి బాబూ, బస్తాలు అన్నకాడ నొక్కితే రేట్ల కాడికి ఎలిపోతంది."

"మీ ఫోనేటండీ?"

"నల్లది."

"కంపెనీ ఏటండీ?"

"మా గుంటడు సెన్నై నుంచి తెచ్చినాడు బాబూ. నల్లది, పెద్దది."

విజయనగరంలో గంటస్తంభం దగ్గర కూర్చుని నేను చేసే పనిలో ఇలాంటి మాటలు మామూలే. ఆయన్ని తప్పు పట్టడానికేమీ లేదు. ఫోను పేరు, ఆండ్రాయిడ్ వెర్షను, బ్రౌజరు ఏదన్నది రైతు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతులు కావు, మన యాప్ కనిపెట్టాల్సినవి. ఎలా కనిపెట్టాలో, ఎక్కడ కనిపెట్టకుండా ఊరుకోవాలో వరసగా చెబుతాను. కోడు పేర్లన్నీ నోటితో పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకోండి.

ముందు, ఎందుకు తెలియాలో తేల్చుకోండి

ఫోను పేరు కావాలని మనకి అనిపించే సందర్భాలు మూడు రకాలు. పేజీ చిన్న తెరకి సరిపోవాలి, ఇదొకటి. లొకేషను, కెమెరా లాంటివి ఆ ఫోనులో పనిచేస్తాయో లేదో తెలియాలి, ఇది రెండోది. ఫిర్యాదు వచ్చినప్పుడు తప్పెక్కడుందో వెతకాలి, లేదా ఏ ఫోన్లు ఎక్కువ వస్తున్నాయో లెక్క చూసుకోవాలి, ఇది మూడోది.

మొదటి రెండింటికీ పేరుతో పని లేదు. తెర వెడల్పుని సీఎస్‌ఎస్ మీడియా క్వెరీలే (తెరని బట్టి పేజీ రూపం మార్చే నియమాలు) చూసుకుంటాయి. వాడేది వేలా, మౌసా అన్నది కూడా అవే చెబుతాయి: "పాయింటర్: కోర్స్" అంటే వేలు, "హోవర్: నన్" అంటే పైన ఆనించి ఉంచడం కుదరని పరికరం. ఇక లొకేషను ఉందా, షేర్ బటన్ పనిచేస్తుందా అన్నవి బ్రౌజర్నే నేరుగా అడగాలి. బ్రౌజరు సంగతులు జావాస్క్రిప్ట్‌కి చెప్పే వస్తువు పేరు నావిగేటర్. నావిగేటర్‌లో "షేర్" అనే ఫంక్షను ఉంటే బటన్ చూపించండి, లేకపోతే దాచేయండి. అది ఏ కంపెనీ బ్రౌజరైతే మీకేం?

పేరు నిజంగా అక్కరకొచ్చేది మూడోదానికే. ఈ తేడా తెలియక నేను చేసిన పొరపాటే కవిటి రైతు మెడకి చుట్టుకుంది. దాని సంగతి కాసేపట్లో వస్తుంది.

యూజర్ ఏజెంట్‌ని ఒకసారి కళ్ళారా చూడండి

బ్రౌజరు ఏ పేజీ అడిగినా, అడిగే ప్రతిసారీ యూజర్-ఏజెంట్ అనే హెడర్ పంపుతుంది, అంటే తానెవరో చెప్పుకునే ఒక వాక్యం. సర్వర్ లాగులో ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో అయితే నావిగేటర్ డాట్ యూజర్‌ఏజెంట్. ఈమధ్య కాలపు ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్ పంపేది ఇలా ఉంటుంది:

మొజిల్లా/5.0 (లినక్స్; ఆండ్రాయిడ్ 10; కె) యాపిల్‌వెబ్‌కిట్/537.36 (కేహెచ్‌టీఎంఎల్, లైక్ గెకో) క్రోమ్/124.0.0.0 మొబైల్ సఫారీ/537.36

ఇది క్రోమ్. అయినా ఇందులో మొజిల్లా ఉంది, యాపిల్ ఉంది, గెకో ఉంది, సఫారీ ఉంది. మన ఊళ్ళలో పగటివేషగాడు ఇంటింటికీ ఒక వేషంతో వెళ్ళినట్టు, ఒక్కో బ్రౌజరూ పాతవాటి పేర్లన్నీ ఒంటి మీద వేసుకుని వచ్చింది. మొజిల్లా అనేది 1990ల్లో నెట్‌స్కేప్ బ్రౌజరుకి లోపలి పేరు. అప్పట్లో ఫ్రేములున్న మంచి పేజీల్ని కొన్ని సైట్లు ఆ పేరున్న బ్రౌజర్లకే ఇచ్చేవి. దాంతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ "నేనూ మొజిల్లా లాంటిదాన్నే" అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. కేహెచ్‌టీఎంఎల్ అనే ఇంజిన్ (పేజీని తెర మీద గీసే భాగం) నుంచి యాపిల్ వెబ్‌కిట్‌ని చేసుకుంది, వెబ్‌కిట్ మీద 2008లో క్రోమ్ వచ్చింది, 2013లో గూగుల్ దాన్ని చీల్చి బ్లింక్ అని పేరు పెట్టుకుంది. 537.36 అన్న అంకె అక్కడే ఆగిపోయి ఉంది. ఎవరికి వాళ్ళు "మన పేజీ మనకి దక్కాలి" అని చూసుకున్నవాళ్ళే. ఆ అబద్ధాలన్నీ నేర్పింది పేరు చూసి పేజీలు ఇచ్చిన మనలాంటివాళ్ళే.

వెతికే వరస తప్పితే జవాబు తప్పుతుంది

పై వాక్యంలో "సఫారీ" అన్న మాట కోసం వెతికితే లోకంలోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ సఫారీ అయిపోతాయి. అందుకని ప్రత్యేకమైన పేర్లు ముందు, అందరూ వేసుకునే పేర్లు ఆఖరున చూడాలి. నేను పాటించే వరస ఇది.

ముందు "కైఓఎస్", అంటే జియోఫోనులో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్. ఆ తర్వాత ఎడ్జ్: కంప్యూటర్లో "ఈడీజీ", ఆండ్రాయిడ్లో "ఈడీజీఏ", ఐఫోనులో "ఎడ్జిఐఓఎస్" అని మూడు రూపాల్లో వస్తుంది. ఆ తర్వాత "ఓపీఆర్", అంటే ఒపెరా. తర్వాత "శామ్‌సంగ్‌బ్రౌజర్", "మియుఐబ్రౌజర్", "యూసీబ్రౌజర్". మన దగ్గర ఈ మూడింటినీ వదిలేయకండి. ఫోనుతో వచ్చిన బ్రౌజరునే వాడేవాళ్ళు చాలామంది, క్రోమ్ వేరే ఉందని కూడా తెలియదు. ఆ తర్వాత "సీఆర్‌ఐఓఎస్" (ఐఫోనులో క్రోమ్), "ఎఫ్ఎక్స్ఐఓఎస్" (ఐఫోనులో ఫైర్‌ఫాక్స్). అప్పుడు ఫైర్‌ఫాక్స్, అప్పుడు క్రోమ్. ఇవేవీ కాకపోతేనే సఫారీ.

ఆపరేటింగ్ సిస్టమ్‌కీ ఇదే పద్ధతి. ఆండ్రాయిడ్ వాక్యంలో "లినక్స్" ఉంటుంది కాబట్టి ఆండ్రాయిడ్‌ని ముందు చూడాలి. ఐఫోను వాక్యంలో "లైక్ మ్యాక్ ఓఎస్ ఎక్స్" ఉంటుంది కాబట్టి మ్యాక్ కన్నా ఐఫోను ముందు. జియోఫోను వాక్యంలో "ఆండ్రాయిడ్" అని కూడా ఉంటుంది, అందుకే కైఓఎస్ అన్నిటికన్నా ముందు.

ట్యాబ్లెట్టా ఫోనా అంటే: ఆండ్రాయిడ్ ఉండి "మొబైల్" అన్న మాట లేకపోతే క్రోమ్‌లో అది ట్యాబ్లెట్. ఇది చాలాకాలంగా నడుస్తున్న గుర్తు. అయితే కొన్ని పెద్ద ట్యాబ్లెట్లలో క్రోమ్ తనంతట తానే డెస్క్‌టాప్ సైట్ అడుగుతుంది, అప్పుడు ఆండ్రాయిడ్ అన్న మాటే ఉండదు.

ఐఫోనులో బ్రౌజరు పేరు ఏదైనా, మన దేశంలో లోపల ఉండేది సఫారీ ఇంజినే, వెబ్‌కిట్. వేరే ఇంజిన్లకి యాపిల్ 2024లో ఐరోపా యూనియన్ దేశాల్లో తలుపు తీసింది, మనకి కాదు. కాబట్టి "ఐఫోను క్రోమ్‌లో పాడైంది" అని ఫిర్యాదు వస్తే సఫారీలో వెతకండి, సగం రోజు మిగులుతుంది.

నమ్మకూడని అంకెలు

ఒకసారి మిల్లు యజమానికి నెల లెక్క పంపుతూ, "మన దగ్గరికి వచ్చేవాళ్ళందరివీ పాత ఫోన్లేనండీ, అన్నీ ఆండ్రాయిడ్ 10" అని రాశాను. ఆయన నవ్వి, "మా గుమస్తా మొన్న సంక్రాంతికే కదయ్యా కొత్త ఫోను కొన్నాడు, అదీ పాతదేనా?" అన్నారు. సిగ్గేసింది.

జరిగిందేమిటంటే, క్రోమ్ 2022 నుంచి ఈ వాక్యాన్ని దశలవారీగా కుదించింది. 2023 కల్లా ఆండ్రాయిడ్ ఫోన్లలో వెర్షను ఏదైనా "ఆండ్రాయిడ్ 10" అనీ, మోడల్ ఏదైనా "కె" అనీ పంపడం మొదలైంది. క్రోమ్ వెర్షనులో మొదటి అంకె ఒక్కటే నిజం, తక్కిన మూడూ సున్నాలు. మనుషుల్ని ఫోను గుర్తుల్ని బట్టి వెంటాడకుండా ఉండడానికి చేసిన పని. మంచిదే, కాకపోతే మనం తెలుసుకుని ఉండాలి.

ఇలాంటివే మరికొన్ని. విండోస్ 11 కూడా "విండోస్ ఎన్‌టీ 10.0" అనే చెబుతుంది. మ్యాక్‌లు 10_15_7 దగ్గర ఆగిపోయాయి. 2019లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 13 నుంచి ఐప్యాడ్ తనని తాను మ్యాక్ అని చెప్పుకుంటుంది. దాన్ని పట్టుకోవడానికి తేలికైన ఉపాయం ఉంది: వాక్యంలో మ్యాకింతోష్ ఉండి, నావిగేటర్ డాట్ మ్యాక్స్‌టచ్‌పాయింట్స్ ఒకటి కన్నా ఎక్కువైతే అది ఐప్యాడ్. మ్యాక్‌లో ఆ విలువ సున్నా. ఐఓఎస్ 26 సఫారీ కూడా ఇప్పుడు తన వాక్యంలో ఓఎస్ వెర్షను పాత 18 అనే చెబుతోంది. అసలు అంకె కావాలంటే పక్కన "వెర్షన్/" తర్వాత ఉన్నది చూడండి.

అసలు మోడల్ కావాలంటే మర్యాదగా అడగాలి

కుదించిన సమాచారానికి బదులుగా వచ్చినవి క్లయింట్ హింట్స్, అంటే బ్రౌజరు తన సంగతులు విడివిడిగా చెప్పే హెడర్లు. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, శామ్‌సంగ్ లాంటి క్రోమియం బ్రౌజర్లు మూడు హెడర్లని అడగకుండానే పంపుతాయి: సెక్-సీహెచ్-యూఏ, సెక్-సీహెచ్-యూఏ-మొబైల్, సెక్-సీహెచ్-యూఏ-ప్లాట్‌ఫామ్. రెండోదాంట్లో "?1" ఉంటే మొబైల్, "?0" ఉంటే కాదు. మొదటిది ఇలా ఉంటుంది:

"క్రోమియం";వి="124", "గూగుల్ క్రోమ్";వి="124", "నాట్-ఎ.బ్రాండ్";వి="99"

చివరిది చూశారా, "నాట్-ఎ.బ్రాండ్", వెర్షను 99? ఆ పేరుతో బ్రౌజరేదీ లేదు. కావాలనే పెట్టిన చెత్త. "జాబితాలో మొదటి పేరే బ్రౌజరు" అని మనం బద్ధకంగా కోడు రాయకుండా వరస మారుస్తూ, ఇలాంటి దొంగ పేరొకటి కలుపుతారు. కాబట్టి స్థానం చూడకండి, పేరు వెతకండి.

మోడల్, అసలు ఆండ్రాయిడ్ వెర్షను, పూర్తి బ్రౌజరు వెర్షను కావాలంటే సర్వర్ తన జవాబులో యాక్సెప్ట్-సీహెచ్ హెడర్ పెట్టి, సెక్-సీహెచ్-యూఏ-మోడల్, సెక్-సీహెచ్-యూఏ-ప్లాట్‌ఫామ్-వెర్షన్, సెక్-సీహెచ్-యూఏ-ఫుల్-వెర్షన్-లిస్ట్ అని అడగాలి. మొట్టమొదటి రిక్వెస్టులో అవి రావు, ఆ తర్వాతి వాటిలో వస్తాయి. మొదటిసారే కావాలంటే క్రిటికల్-సీహెచ్ కూడా జోడించండి, బ్రౌజరు మళ్ళీ అడుగుతుంది. మన నెట్ స్పీడుకి ఆ అదనపు రాకపోకలు దండగ, నేను వాడను. జావాస్క్రిప్ట్‌లోనే నావిగేటర్ డాట్ యూజర్‌ఏజెంట్‌డేటా డాట్ గెట్‌హైఎంట్రోపీవాల్యూస్ అని పిలిస్తే ప్రామిస్ (కాస్త ఆగి అందే జవాబు) రూపంలో వచ్చేస్తాయి. సైటు హెచ్‌టీటీపీఎస్ మీద లేకపోతే ఇవేవీ రావు. ఫైర్‌ఫాక్స్, సఫారీ వీటిని ఒప్పుకోలేదు కాబట్టి ముందు ఆ వస్తువు ఉందో లేదో చూసి, లేకపోతే పాత వాక్యానికే దిగండి.

వచ్చిన మోడల్ పేరు మార్కెట్లో వాడే పేరు కాదు. "ఎస్‌ఎం-" అని మొదలైతే శామ్‌సంగ్, "ఆర్ఎంఎక్స్" అయితే రియల్‌మీ, "సీపీహెచ్" అయితే ఒప్పో లేదా వన్‌ప్లస్. విండోస్‌లో ప్లాట్‌ఫామ్ వెర్షను 13, ఆపైన ఉంటే అది విండోస్ 11.

ఇక కవిటి సంగతి

సర్వర్ లాగు తెరిస్తే ఆ రైతు నల్ల ఫోను నుంచి వచ్చిన వాక్యంలో ఆండ్రాయిడ్ అన్న మాటే లేదు. "ఎక్స్11; లినక్స్ ఎక్స్86_64" అని ఉంది. లినక్స్ కంప్యూటరన్నమాట! కవిటిలో, కొబ్బరి తోటలో.

క్రోమ్ మూడు చుక్కల మెనూలో "డెస్క్‌టాప్ సైట్" అని టిక్కు పెట్టుకునే గడి ఉంటుంది. ఎవరో, బహుశా ఆ గుంటడే, ఎప్పుడో నొక్కేసి వదిలేశాడు. నేనేమో యూజర్ ఏజెంట్ చూసి, కంప్యూటరైతే ఒక పేజీ, ఫోనైతే ఒక పేజీ పంపేలా రాశాను. కంప్యూటర్ పేజీలో "బస్తాలు" మీద మౌసు ఆనిస్తే కింద "80 కిలోల బస్తా", "విడి కిలోలు" అని మెనూ దిగుతుంది. నొక్కితే రేట్ల పేజీకి వెళ్తుంది. వేలితో ఆనించి ఉంచడం అంటూ ఉండదు కదా. ఆయన నొక్కిన ప్రతిసారీ మెనూ దిగేలోపే రేట్లకి వెళ్ళిపోతోంది. ఆయన మొదట చెప్పిన మాటే అక్షరాలా నిజం, వినడం నాకే రాలేదు.

రెండు పేజీలూ తీసేసి ఒక్కటే పెట్టాను. హోవర్ మెనూ పోయింది, నొక్కితే తెరుచుకునేది వచ్చింది. ఇప్పుడు డెస్క్‌టాప్ టిక్కు ఉన్నా అక్షరాలు చిన్నవవుతాయే గాని పని ఆగదు.

జియోఫోనుని మర్చిపోకండి

2017లో వచ్చిన జియోఫోను కవిటి చుట్టుపక్కల ఉద్దానంలో ఇప్పటికీ కొందరి జేబుల్లో కనబడుతుంది. కైఓఎస్ 2.5, తెర 240 బై 320, టచ్ లేదు, మీటలే. లోపలి ఇంజిన్ ఫైర్‌ఫాక్స్ 48 నాటిది, అంటే 2016ది. అసింక్-అవైట్ (జావాస్క్రిప్ట్‌లో జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పే పదాలు) ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చింది 52లో. ఆ పదం ఒక్కచోట కనబడినా ఆ ఇంజినుకి అది వ్యాకరణ దోషం, ఫైలంతా చదవడం మానేస్తుంది. ఆ ఒక్క లైనే కాదు, మొత్తం స్క్రిప్టు పోతుంది. తెర మీద ఏ తప్పూ కనపడదు, బటన్లు మాత్రం చచ్చిపోయి ఉంటాయి.

దీనికీ పేరుతో పని లేదు. కొత్త కోడుని స్క్రిప్ట్ ట్యాగులో "టైప్ మాడ్యూల్" అని, పాత రూపానికి మార్చిన కోడుని "నోమాడ్యూల్" అని పెట్టండి. మాడ్యూల్ అంటే ఏమిటో తెలియని పాత ఇంజిన్లు మొదటిదాన్ని వదిలేసి రెండోది తీసుకుంటాయి. ఎవరు ఏది తినగలరో వాళ్ళే ఎంచుకుంటారు.

యాప్ లోపల తెరుచుకునే పేజీలు

ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో లింకు నొక్కితే మన పేజీ ఆ యాప్ కడుపులోనే తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్లో వాక్యంలో "; డబ్ల్యూవీ" అని ఉంటుంది, ఫేస్‌బుక్ అయితే "ఎఫ్‌బీఏఎన్" లేదా "ఎఫ్‌బీఏవీ" కూడా ఉండొచ్చు. ఐఫోనులో అయితే "సఫారీ" అన్న మాట మాయమవుతుంది. ఇక్కడ ఫైలు డౌన్‌లోడు, ఫొటో ఎక్కించడం, లొకేషను తరచూ మొరాయిస్తాయి. పేరు చూసి ఏదైనా చెయ్యడం నాకు న్యాయంగా అనిపించేది ఈ ఒక్కచోటే: పైన చిన్న పట్టీలో "పై మూల మూడు చుక్కలు నొక్కి బ్రౌజర్‌లో తెరవండి" అని రాస్తాను. పేజీని మాత్రం ఆపను.

"నా ఫోను" పేజీ ఒకటి పెట్టండి

ఈ వ్యాసంలో ఒక్కటే చేస్తానంటే ఇది చెయ్యండి. యాప్‌లో స్లాష్ నాఫోను అని ఒక పేజీ. తెరవగానే పెద్ద అక్షరాల్లో ఇవన్నీ కనపడాలి: యూజర్ ఏజెంట్ వాక్యం మొత్తం, హింట్స్ దొరికితే మోడలూ వెర్షనూ, తెర వెడల్పు, పేజీకి దొరికిన వెడల్పు, పిక్సెల్ రేషియో, టచ్ పాయింట్లు, పాయింటర్ కోర్సా ఫైనా, భాష, ఫోనులో ఉన్న తేదీ-టైము, ఆఖరున వచ్చిన జావాస్క్రిప్ట్ తప్పు. కింద ఒక్క పచ్చ బటన్: "వాట్సాప్‌లో పంపు". నొక్కితే ఇదంతా అక్షరాలుగా నాకొస్తుంది. స్క్రీన్‌షాట్ అడగొద్దు. సగం మంది తియ్యలేరు, తీసినా వాక్యం సగంలో తెగిపోతుంది.

రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. తెర వెడల్పు 360 ఉండి పేజీ వెడల్పు 980 ఉంటే డెస్క్‌టాప్ టిక్కు ఉన్నట్టే. తేదీ చూడమన్నది కూడా ఊరికే కాదు. ఫోనులో తేదీ ఏళ్ళ వెనక్కి పోయి ఉంటే సైటు సర్టిఫికెట్ చెల్లదని బ్రౌజరు అసలు పేజీనే తెరవదు. అందుకని పేజీ రాకపోతే మొట్టమొదట "మీ ఫోన్లో ఈరోజు తారీకెంతుందండీ" అని అడగండి.

ఈ పేజీ ఎవరైనా బటన్ నొక్కితేనే పంపాలి, దానంతటది పోగేయకూడదు. మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, అది ఎలాగూ ఉంది. అంతకన్నా ముందు, పిక్కలు అమ్ముకునే మనిషి ఏ ఫోను వాడతాడో ఏళ్ళ తరబడి దాచుకోవాల్సిన పని మిల్లుకేముంది? పని అయ్యాక చెరిపేస్తాను.

లైబ్రరీ వాడాలా?

వాడొచ్చు. ఈ పేర్ల జాబితాని సొంతంగా మోసుకు తిరగడం విసుగు. యూఏపార్సర్ జేఎస్ బాగా వాడుకలో ఉంది. పీహెచ్‌పీ వాళ్ళకి మటోమో వాళ్ళ డివైస్ డిటెక్టర్ ఉంది. అయితే 2021 అక్టోబరులో యూఏపార్సర్ ప్యాకేజీని ఎవరో చేజిక్కించుకుని దొంగ కోడుతో వెర్షన్లు వదిలారు. కాబట్టి వెర్షను నంబరు బిగించి పెట్టుకోండి, అప్‌డేట్ చూసి చెయ్యండి. దాని రెండో వెర్షను లైసెన్సు కూడా మారింది, డబ్బు తీసుకుని పని చేసేవాళ్ళు చదువుకుని వాడండి.

పరీక్షించడం

కంప్యూటర్లో క్రోమ్ డెవలపర్ టూల్స్ తెరిచి ఫోను బొమ్మ నొక్కితే తెర చిన్నదవుతుంది, యూజర్ ఏజెంట్ మారుతుంది. ఇంజిన్ మాత్రం మీ కంప్యూటర్దే. ఐఫోను అని ఎంచుకున్నా లోపల క్రోమే. లేఅవుట్ చూసుకోవడానికి సరిపోతుంది, తప్పు పట్టుకోవడానికి చాలదు.

అసలు ఫోన్లు కావాలి. సెకండ్ హ్యాండ్ కొట్లో మూడు కొన్నాను: ఒక పాత ఆండ్రాయిడ్ 8 ఫోను, తెర మూల పగిలిన ఐఫోను, ఒక జియోఫోను. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లకి క్రోమ్ 138తోనే ఆఖరు, 139 నుంచి ఆండ్రాయిడ్ 10 ఉండాలి. అంటే ఆ ఫోను ఇక ఎప్పటికీ అక్కడే ఆగి ఉంటుంది, పాత క్రోముకి అంతకన్నా మంచి కొలబద్ద దొరకదు. యూఎస్‌బీ కేబులుతో కంప్యూటరుకి కలిపి, ఫోన్లో డెవలపర్ ఆప్షన్లలో యూఎస్‌బీ డీబగ్గింగ్ పెట్టి, క్రోమ్ అడ్రసు పట్టీలో క్రోమ్ కోలన్ స్లాష్ స్లాష్ ఇన్‌స్పెక్ట్ కొట్టండి. ఫోనులోని పేజీ, దాని తప్పులు కంప్యూటర్ తెర మీదకి వస్తాయి. కొత్త మార్పు పంపే ముందు మూడింటిలోనూ ఒక బస్తా ఎక్కించి చూస్తాను. ఆండ్రాయిడ్ ఫోన్లో అయితే రెండుసార్లు, రెండోసారి డెస్క్‌టాప్ టిక్కు పెట్టి.